మారని పుటయే ప్రమాణము

అచ్చుపుస్తకము మేలా, ఈ-పుస్తకము మేలా యను చర్చ మన పత్రికలలో వచ్చినప్పుడెల్ల, వాదించు నుభయులును నవలను చదువు పాఠకునే మనస్సునందుంచుకొని, ఒకరు కాగితపు పరిమళమును, మఱియొకరు వేయి పుస్తకములను చేతిసంచిలో నుంచుకొని తిరుగగల సౌకర్యమును పొగడి విరమించుట పరిపాటి యైనది. పుస్తకమును ఆదినుండి అంతమువరకు ఒక్క ప్రవాహముగా చదువువాని విషయమున ఈ చర్చ యెటు తేలినను పెద్ద నష్టము లేదు. కథ కాగితముపై నున్నను తెరపై నున్నను కథయే. కాని పుస్తకమును వేఱొక విధముగా ఉపయోగించు పాఠకులు కలరు. వారిలో యుద్ధవిమానముల చరిత్రయందు ఆసక్తి గలవారి పఠనవిధానమును పరిశీలించినచో, ఈ ప్రశ్నకు నవలాపాఠకుడు చూపజాలని సమాధానమొకటి లభించునని నా దృఢమైన నమ్మకము.

ఇట్టి అభిమానులు సంఖ్యలో స్వల్పులే యైనను మన ప్రాంతమునకు కొత్తవారు కారు. బేగంపేట, హకీంపేట, దుండిగల్ పరిసరములలో శిక్షణవిమానముల ధ్వని వినుచు పెరిగి, ఆ ధ్వనిని బట్టియే విమానమును గుర్తింప నేర్చినవారు వారిలో కలరు. విశాఖపట్టణపు సాగరతీరమున 2017లో ప్రదర్శనశాలగా మారిన టి.యు.-142 విమానపు గర్భమున ప్రవేశించి, వెలుపలికి వచ్చునప్పటికి దానిని గూర్చిన గ్రంథమెక్కడ దొరకునని యడుగువారును కలరు. వీరికి యుద్ధమనిన ప్రీతి యని యితరులు భావింతురు గాని యది సరికాదు. ఇరువదియైదేండ్లైన నిండని యువకుల మరణములు ఈ గ్రంథములలో అడుగడుగునను ఎదురగును. అనుబంధములందలి నష్టముల పట్టికను చదివినవానికి యుద్ధము వేడుకగా తోచుట కష్టము. వీరి ప్రీతి యంతయు నిజమును నిగ్గుతేల్చుట యందే కలదు. ఏ దినమున, ఏ విమానము, ఎవరి చేతిలో, ఏ కారణమున నేలకూలినదను ప్రశ్నకు సమాధానము దొరకువరకు వీరికి తృప్తి కలుగదు.

ఆ ప్రీతియే వీరి పఠనక్రమమును శాసించుచున్నది. వీరిలో పెక్కురు గ్రంథమును మొదటి పుటనుండి ఆరంభింపరు. ముందు ఛాయాచిత్రములు, తరువాత వాని క్రింది వ్యాఖ్యలు, పిమ్మట అనుబంధములు, అకారాదిసూచిక, ఇవి యన్నియు ముగిసినగాని అసలు రచన యొక్క వంతు రాదు. ఛాయాచిత్రమునందు విమానపు తోకదాపున నున్న సీరియల్ సంఖ్యను, ప్రక్కభాగమున వ్రాయబడిన స్క్వాడ్రన్ అక్షరములను చదివి, ఆ రెంటిని అనుబంధమునందలి పట్టికతో సరిచూతురు. చక్రముల క్రింది నేల, నీడలు పడిన తీరు, వెనుక కనబడు కట్టడములు మొదలగువానిని బట్టి ఆ చిత్రము వ్యాఖ్యలో చెప్పిన స్థలమున తీసినదేనా యని విచారింతురు. మన శాసనపరిశోధకులు రాతిపై చెరిగిపోయిన అక్షరమును పొరుగూరి శాసనముతో పోల్చి పూరించినట్లే, వీరును ఒక గ్రంథమును మఱియొక గ్రంథముతో పోల్చి పూరించుకొందురు. అందుచేత వీరి బల్లపై ఒక్క పుస్తకమే తెరచియుండుట యరుదు: పైలట్ వ్రాసికొన్న స్వీయచరిత్ర యొకటి, స్క్వాడ్రన్ దినచర్యల నాధారము చేసికొని చరిత్రకారుడు రచించినది యొకటి, రేఖాచిత్రములును కొలతలును గలది యొకటి, ఒకదాని ప్రక్క నొకటి పరచుకొని యుండును.

ఇది వట్టి ఛాందసము కాదనుటకు జపాను పైలట్ సబురో సకాయ్ వృత్తాంతమొక్కటి చాలును. 1942 ఆగస్టు 7వ తేదీన గ్వాడల్‌కెనాల్ ద్వీపముపై, తన ముందు పోవుచున్నవి శత్రువుల ఫైటర్ విమానములని భ్రమించి వెన్నంటి, అవి వెనుకతట్టున తుపాకులు గల బాంబర్లని తెలియునప్పటికే తలకు గుండు తగిలి, కుడికన్ను కనబడక, రక్తము కారుచుండగా, ఇంచుమించు నాలుగు గంటల నలుబదియైదు నిమిషములు సముద్రముపై ఎగిరి రబౌల్ స్థావరమును చేరుకొన్న ధీరుడతడు. మార్టిన్ కైడిన్, ఫ్రెడ్ సైటోల సహకారముతో 1957లో వెలువడిన ‘సమురాయ్!’ అను గ్రంథము ఆ ప్రయాణమును లోకమునకు చాటినది. దానిని చదివి చలింపని యభిమాని యుండడు. కాని ఆ గ్రంథమునందు అతనిని గాయపఱచినవి అవెంజర్ విమానములని యున్నది. అతడు కూల్చిన విమానములు అరువదినాలుగని యున్నది. తరువాతి పరిశోధకులు, వారిలో ముఖ్యముగా హెన్రీ సకైదా, అమెరికా పక్షమువారి యాధారములతో పోల్చిచూడగా ఆ బాంబర్లు డాంట్‌లెస్ జాతివని తేలినది. అరువదినాలుగను సంఖ్యకు ఆధారము చాలదనియు తేలినది. సకాయ్ శౌర్యమునకు దీనివలన లోపమేమియు రాలేదు. కాని యీ సంగతి తేలుటకు 1957 నాటి పుట 1957లో నున్నట్లే నిలిచియుండవలసి వచ్చెను. దాని సరసను ఇతరుల పత్రములను పెట్టి చదువువాడొకడు పుట్టవలసి వచ్చెను.

మన దేశమునకు సంబంధించిన ఉదాహరణము ఇంతకంటెను హృదయమునకు తాకునది. 1965 సెప్టెంబరు 7వ తేదీన ఆదంపూర్ నుండి బయలుదేరి పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరముపై దాడికి వెళ్లిన మిస్టేర్ విమానములలో ఒకటి తిరిగిరాలేదు. దానిని నడపినవాడు కొడగు సీమకు చెందిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య. ఆయన కడపటి పోరాటము మనవారికి తెలియలేదు. తిరిగిరానివారి జాబితాలో ఆయన పేరు చేరినది, అంతియే. పదునాలుగేండ్ల తరువాత, 1979లో, జాన్ ఫ్రికర్ అను ఆంగ్లరచయిత పాకిస్తాన్ వైమానికదళపు సహకారముతో ‘బ్యాటిల్ ఫర్ పాకిస్తాన్’ అను గ్రంథమును ప్రకటించెను. అది మన పక్షమును పొగడుటకు వ్రాసిన గ్రంథము కాదు. అయినను, పాకిస్తాన్‌వారికి గర్వకారణమైన ఎఫ్-104 స్టార్‌ఫైటర్ విమానము నొకదానిని, అప్పటికే దెబ్బతిన్న మిస్టేర్ ఒకటి పారిపోక ఎదురుతిరిగి కూల్చినదను విషయము అందులో వ్రాయబడియుండెను. ఆ కథనమును మనవద్దనున్న సమాచారముతో జోడించి, ఆ మిస్టేర్ దేవయ్యదే యని నిర్ణయించినవారు మన వైమానికదళమునందు వెలసిరి. ఫలితముగా 1988లో, మరణించిన యిరువదిమూడేండ్లకు, ఆయనకు మహావీరచక్రము ప్రకటింపబడెను. ప్రతిపక్షమున పుట్టిన గ్రంథమొకటి, మనము చూడని మన వీరుని మనకు చూపినది. పి.వి.ఎస్. జగన్మోహన్, సమీర్ చోప్రాలు 2005లో ప్రకటించిన 1965 నాటి వైమానికయుద్ధచరిత్ర ఈ సరిచూచు విద్యను మన దేశపు పాఠకుల ముందు విపులముగా నుంచినది. ఉభయపక్షముల గ్రంథములను ఎదురెదురుగా నుంచుకొని, ఇటువారి కోరికలకును అటువారి ప్రగల్భములకును లొంగక చదువుట యను అలవాటు, విమానములయందు ఆసక్తి లేనివారికి కూడ మిక్కిలి యవసరమైనదని నేను తలంతును.

ఈ సంప్రదాయము ఒక్కనాట పుట్టినది కాదు. ఫ్రెడ్ జేన్ ప్రపంచపు ఆకాశయానములన్నింటిని ఒకచోట కూర్చి వార్షికగ్రంథమును 1909లో ఆరంభించునాటికి, రైట్ సోదరుల విమానము తొలిసారి యెగిరి ఇంచుమించు ఆరేండ్లే యైనది. సామాన్యజనులలో ఈ యలవాటు నాటుకొన్నది మాత్రము రెండవ ప్రపంచయుద్ధకాలమున. ఆకాశమున కనబడు నల్లని యాకారము తమదో శత్రువుదో క్షణములో తేల్చుకొనవలసిన యవసరము ఇంగ్లండునందలి పౌరులకు కలిగినప్పుడు, 1941లో సేవిల్-స్నీత్ రచించిన విమానపరిచయగ్రంథమును పెంగ్విన్ సంస్థ చౌక ప్రతిగా ప్రకటించెను. ‘ఏరోప్లేన్ స్పాటర్’ అను పత్రికయు ఆ యేటనే పుట్టెను. ఱెక్కల వాలు, తోక యాకృతి, ఇంజిన్ల సంఖ్య, వీనిని కంఠస్థము చేసిన బాలురు యుద్ధము ముగిసినను ఆ విద్యను విడువలేదు. వారికొఱకే 1957లో ఓవెన్ థెట్‌ఫర్డ్ రచించిన బ్రిటిషు వైమానికదళపు విమానముల చరిత్రను పట్నమ్ సంస్థ వెలువరించినది. 1960లలో ‘ప్రొఫైల్’ పేరిట విమానమునకొక చిన్నపొత్తముగా వచ్చిన మాల వెలసినది. మన యిండ్లలో తేయాకు పొట్లముపై పేరుగా మాత్రమే తెలిసిన బ్రూక్‌బాండ్ సంస్థ, ఇంగ్లండున తన పొట్లములలో బాలుర కొఱకు విమానముల రంగులబొమ్మలు గల చిన్న కార్డుల నుంచెడిది. ఆ బొమ్మలు వేసిన చిత్రకారుని యాలోచననుండియే 1969 ప్రాంతమున ‘ఆస్ప్రీ’ ప్రచురణసంస్థ పుట్టినది. జపానున ‘బున్‌రిన్‌దో’ వెలువరించు విమానగ్రంథములను, జపాను అక్షరమొక్కటియు రాని పాఠకులు దేశదేశముల యందు కొనుచుండుట చూచినవారికి, ఈ గ్రంథములందు రేఖాచిత్రమును ఛాయాచిత్రమును వాక్యముతో సమానమైన భాషలేయని తెలియగలదు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఈ-పుస్తకమును నేను త్రోసిపుచ్చుచున్నానని యెవ్వరును భావింపరాదు. స్వీయచరిత్రల విషయమున అది మహోపకారి. పియేర్ క్లోస్టర్‌మాన్ తన తల్లిదండ్రులకొఱకు నోటుపుస్తకములలో వ్రాసియుంచిన దినచర్యనుండి రూపొంది 1948లో వెలువడిన ‘లె గ్రాన్ సిర్క్’ గాని, ముఖమును చేతులును కాలిన పిమ్మట రిచర్డ్ హిల్లరీ రచించి 1942లో ప్రకటించిన ‘ది లాస్ట్ ఎనిమీ’ గాని, వాక్యమే ప్రధానముగా గల రచనలు. తెరపై చదివినందువలన వాని బలము తగ్గదు. దూరదేశమున అచ్చైన గ్రంథమునకు ఆ గ్రంథపు వెలకు సమీపించు తపాలాఖర్చు నీయవలసిన మన పాఠకునకు, క్షణములో వచ్చిచేరు ఈ-పుస్తకము నిజముగా వరము. చూపు మందగించిన వృద్ధునకు అక్షరమును పెద్దది చేసికొను వీలు సామాన్యమైనది కాదు. ఎనిమిదివందల పుటల గ్రంథమున ఒక పైలట్ పేరో, ఒక సీరియల్ సంఖ్యయో ఎన్నిచోట్ల వచ్చినదో నిమేషములో వెదకి చూపు శక్తి అచ్చుపుస్తకపు అకారాదిసూచికకు, అది యెంత శ్రద్ధతో కూర్చబడినదైనను, లేదు. సరిచూచుటయే వృత్తిగా గల యీ పాఠకునకు ఆ శక్తి యెంత విలువైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే చిక్కు రేఖాచిత్రములతో ఆరంభమగును. ప్లాస్టిక్ మోడళ్లు కట్టువారికి 1/72 స్కేలు నిత్యవ్యవహారములోనిది. ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1953లో తొలి స్పిట్‌ఫైర్ మోడలును అమ్మినది ఆ స్కేలుననే. స్పిట్‌ఫైర్ ఱెక్కల వెడల్పు 36 అడుగుల 10 అంగుళములు, అనగా 11.23 మీటర్లు, 1/72 స్కేలున అది 15.6 సెంటీమీటర్లగును. ఆ కొలతతో అచ్చైన పుటపై మోడలు ఱెక్కను నేరుగా పెట్టి చూడవచ్చును. స్కేలుబద్దతో కొలిచి రచయిత యిచ్చిన సంఖ్యతో పోల్చవచ్చును. చిత్రకారుడు పొరబడినచో పట్టుకొనవచ్చును. ఆరంగుళముల ఈ-పుస్తకయంత్రపు తెర వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లకు కొంచెమెక్కువ, ఎత్తు పండ్రెండుకు కొంచెమెక్కువ. ఎట్లు త్రిప్పి పట్టుకొన్నను ఆ ఱెక్క అందులో పట్టదు. పెద్ద టాబ్లెట్‌పై పట్టినను, వ్రేళ్లతో లాగినకొలది పెరుగుచు తరుగుచు నుండు చిత్రమునకు స్కేలు అను మాటయే వర్తింపదు. అక్షరపరిమాణమును మార్చగానే పుటలు తిరుగపేర్చుకొను ఈ-పుస్తకములలో చిత్రమొకచోటను దాని వ్యాఖ్య మఱియొకచోటను పడుట, నిలువుగీతలతో కూర్చిన నష్టముల పట్టిక చెదరి యే సంఖ్య యే విమానమునకు చెందినదో తెలియకపోవుట చూచి నేను పెక్కుసార్లు విచారించితిని. ఛాయాచిత్రమును పెద్దది చేసి చూడగల సౌకర్యము తెరకు సహజముగా కలదు. కాని ఫైలు తేలికగా నుండవలెనని చిత్రములను కుదించి పెట్టుట తఱచు జరుగుటచేత, ఆ సౌకర్యమును పాఠకునకు చేరకముందే ప్రచురణకర్తలు వ్యర్థము చేయుచున్నారు.

రంగుల సంగతి మఱింత సున్నితమైనది. యుద్ధకాలపు బ్రిటిషు ఫైటర్లపై పూసిన ‘డార్క్ ఎర్త్’, ‘డార్క్ గ్రీన్’ వర్ణములు సరిగా నెట్టివను ప్రశ్న ఈ పాఠకలోకమున ఎన్నడును ముగియని చర్చ. అచ్చుసిరా కూడ ఆ వర్ణములను యథాతథముగా చూపదనుట నిజమే; ఒకే గ్రంథపు రెండు ముద్రణలలో రంగులు వేఱుగ వచ్చుట కలదు. ఆ లోపమును తీర్చుటకే, బ్రిటిషు వైమానికదళ ప్రదర్శనశాల గ్రంథమాలలో 1976లో వెలువడిన యుద్ధకాలపు వర్ణములను గూర్చిన సంపుటమునందు, ఆయా రంగులు పూసిన చిన్న చిన్న నమూనాముక్కలనే చేర్చిరి. పాఠకుడు దానిని కిటికీ యొద్దకు తీసికొనిపోయి, పగటివెలుతురులో మోడలు ప్రక్కన నుంచి చూడవచ్చును. ఆ పుట చూపునది రంగు యొక్క చిత్రము కాదు, రంగే. ఏ తెరయు దీనిని చేయజాలదు. తెరపై రంగు ఆ యంత్రపు వెలుతురును, దాని యమరికను బట్టి యింటింటికి మారుచుండును.

ఇవి యన్నియు పనిముట్టునకు సంబంధించిన లోపములు. నేడో రేపో మంచి యంత్రము వచ్చి తీర్చవచ్చును. తీరని లోపము వేఱొకటి కలదు. 1940లో జర్మనులు హైంకెల్ 100 అను కొలది విమానములకు వేర్వేఱు దళముల చిహ్నములు పూసి, చిత్రములు తీసి, హైంకెల్ 113 అను కొత్త ఫైటర్ తమ సేనలో ప్రవేశించినదని ప్రచారము చేసిరి. అట్టి విమానము ఏ దళమునందును పోరులోనికి రాలేదు. అయినను ఆ కాలపు విమానపరిచయపుస్తకములలో అది చోటు సంపాదించుకొన్నది. ఇంగ్లండుపై పోరాడిన పైలట్లు దానితో తలపడితిమని నివేదికలు వ్రాసిరి. కన్నులతో చూచినవాడు కూడ తాను ముందుగా చదివినదానినే చూచుననుటకు ఇంతకంటె గొప్ప నిదర్శనము నాకు తెలియదు. ఈ పాఠము మనకు చేరినది, ఆ పుస్తకములు తమ పొరపాట్లతో సహా అట్లే నిలిచియుండుటచేత. అవి ఈ-పుస్తకములై యుండి, యుద్ధానంతరమున ప్రచురణకర్త ఒక్క మీటతో ఆ పుటను సవరించియుండినచో, 1941లో జనులు ఏమి నమ్మిరో నేడు చెప్పుట దుష్కరమై యుండెడిది. తప్పును దిద్దుట మంచిదే. దిద్దిన జాడ మిగులకుండ దిద్దుట చరిత్రకు ద్రోహము.

ఇది ఊహామాత్రమని కొట్టివేయుటకు వీలులేదు. 2009 జూలైలో, అమ్మినవానికి హక్కు లేదను కారణముచేత, ఆర్వెల్ రచించిన రెండు గ్రంథములను అమెజాన్ సంస్థ కొన్నవారి కిండిల్ యంత్రములనుండి దూరమునుండియే తొలగించి, వెల తిరిగి యిచ్చి, పిమ్మట క్షమాపణ చెప్పుకొనెను. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకశాలను మూసివేయగా అచట కొన్న పుస్తకములన్నియు తెరచుకొనుట మానినవి. వెల తిరిగి చేతికి వచ్చినది, పుస్తకము పోయినది. ఈ ద్రవ్యము తిరిగి యిచ్చుటలో న్యాయము లేకపోలేదు గాని, పుస్తకమునకు మూల్యము దాని వెల మాత్రమే కాదు గదా! ఒక పుస్తకమును ఇరువదియేండ్లు సరిచూచి, తప్పులను గుర్తించి, ఆధారములను చేర్చుకొన్నవానికి ఏ వెల యిచ్చిన తీరును? మనము కొన్నామనుకొనుచున్నది గ్రంథము కాదు, చదువుటకు అనుమతి మాత్రమేయని, ఆ యనుమతి ఇచ్చినవాని చేతిలోనే యుండునని పాఠకులు స్పష్టముగా తెలిసికొనవలసి యున్నది.

అచ్చుపుస్తకము చేతులు మారును. ఈ లోకమున అది గొప్ప యుపకారము. హైదరాబాదున ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పరచిన పాతపుస్తకములలో, విజయవాడ పాతపుస్తకాల అంగళ్లలో, అగ్నికి ఆహుతి కాకముందు మదరాసు మూర్ మార్కెట్టులో, ఎవరి యింటినుండియో వచ్చిన విమానగ్రంథములు దొరకుచుండుట ఈ యభిమానులెల్లరును ఎఱుగుదురు. అట్టి ప్రతిలో మునుపటి యజమాని అంచున సన్నని పెన్సిలుతో సీరియల్ సంఖ్యను దిద్దియుండుట, ఛాయాచిత్రము క్రింద “ఈ తేదీ సరికాదు” అని వ్రాసి వేఱొక గ్రంథపు పుటసంఖ్యను సూచించియుండుట కలదు. అతడెవరో మనకు తెలియదు. కాని అతని శ్రమ మనకు దక్కినది. ఈ-పుస్తకమునందును గుర్తులు పెట్టుకొనవచ్చును గాని, ఆ గుర్తులు పాఠకుని ఖాతాతోనే ముగిసిపోవును. అభిమాని గతించిన పిమ్మట అతని గ్రంథసముదాయము పిల్లలకో, గ్రంథాలయమునకో, కనీసము కాలిబాటకో చేరునట్లు అవి యెవరికిని చేరవు.

తెలుగువారికి ఈ విషయమున స్వంతమైన ఆసక్తి ఒకటి కలదు. 1918లో ఫ్రాన్సునకు వెళ్లిన బ్రిటిషు 110వ స్క్వాడ్రన్ నడపిన డి.హెచ్.9ఎ బాంబర్లు హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుకలు; వానిపై హైదరాబాదు పేరు వ్రాయబడియుండెను. అందొకటి, ఎఫ్1010 సంఖ్య గలది, ఆ యేడు అక్టోబరులో జర్మనుల చేతిలో పడి, బెర్లిన్ ప్రదర్శనశాలకు చేరి, రెండవ యుద్ధకాలమున పోలండునకు తరలింపబడి, క్రాకోలో శిథిలావస్థలో నుండగా, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి బ్రిటిషు వైమానికదళ ప్రదర్శనశాలవారు తెచ్చుకొని పునరుద్ధరించిరి. రెండవ యుద్ధమునందు 152వ స్క్వాడ్రన్ హైదరాబాదు పేరును, 253వ స్క్వాడ్రన్ హైదరాబాదు సంస్థానము పేరును ధరించినవి. మొదటిది స్పిట్‌ఫైర్లతో వార్మ్‌వెల్ నుండియు, రెండవది హరికేన్లతో కెన్లీ నుండియు 1940లో ఇంగ్లండు ఆకాశమును కాపాడినవి. 152వ స్క్వాడ్రన్ తరువాత బర్మా రంగమునకు వచ్చి మనకు సమీపముననే పోరాడినది. దాని చిహ్నమున నిజాముల తలపాగ కలదు. ఛాయాచిత్రములలో స్పిట్‌ఫైర్ ప్రక్కభాగమున ‘యు.ఎం.’ అను అక్షరములు కనబడినచో అది ‘హైదరాబాదు’ స్క్వాడ్రన్‌దని ఈ పాఠకుడు గుర్తించును. వేలకొలది ఛాయాచిత్రముల నడుమ మన నగరపు పేరును కనుగొనుటకు ఆ రెండక్షరములే దారి.

కావున నేను కోరునది అచ్చునకును తెరకును పోటీ కాదు, పని పంపకము. స్వీయచరిత్రలు, యుద్ధవర్ణనలు చౌకగా ఈ-పుస్తకములై విరివిగా రావలెను. వెలకు అందని, దొరకుటయే మానిన పాతగ్రంథములను పుట పుటగా, ఆకృతి చెడకుండ, కొలబద్దతో సహా చిత్రించి ఉంచవలెను. ఏ ఈ-గ్రంథమునైనను సవరించినచో, ఏ తేదీన ఏ పుటలో ఏమి మార్చిరో అందే ప్రకటింపవలెను. అచ్చుగ్రంథములకు ముద్రణసంవత్సరము వేయుట యెంత సహజమో ఇదియు నంత సహజము కావలెను. రేఖాచిత్రములును పట్టికలును ప్రధానముగా గల ప్రమాణగ్రంథములను మాత్రము కాగితముపైననే ముద్రింపవలెను. మన పురపాలకసంఘములు ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయపన్నును వసూలు చేయుచున్నవి. ఆ ద్రవ్యములో అతిస్వల్పభాగముతో అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునందును, వైమానికస్థావరములకు సమీపమైన శాఖలయందును, నౌకాదళపు నగరమైన విశాఖపట్టణమునందును ఇట్టి ప్రమాణగ్రంథముల ప్రతు లొక్కొక్కటి యుంచుట అసాధ్యము కాదు. ఇంటికి తీసికొనిపోనీయక అచటనే చదువనిచ్చినను చాలును. రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన తెరచుటకు తగిన బల్లయొకటి కూడ ఉండవలెను.

ఇక హైదరాబాదు పేరు ధరించిన ఆ మూడు స్క్వాడ్రన్ల చరిత్ర తెలుగున గ్రంథమై రావలెను. లండనులోని జాతీయపత్రాగారమున స్క్వాడ్రన్ల దినచర్యలు భద్రముగా నున్నవి. ఎఫ్1010 ప్రదర్శనశాలలో కన్నులకు కనబడుచున్నది. ఓపిక గల పరిశోధకుడును సాహసము గల ప్రకాశకుడును కావలెను. ఆ గ్రంథపు వచనభాగమును ఈ-పుస్తకముగా విడిగా అమ్మినను నాకభ్యంతరము లేదు. కాని డి.హెచ్.9ఎ, స్పిట్‌ఫైర్, హరికేన్ విమానముల రేఖాచిత్రములను 1/72 స్కేలున, మడత పెట్టిన పెద్ద కాగితముపై అచ్చువేసి అట్టకు లోపల చేర్చవలెను. పోగొట్టుకొన్న విమానముల పట్టికను సీరియల్ సంఖ్యలతో, తేదీలతో, వైమానికుల పేర్లతో చివర నీయవలెను. ఆ పట్టిక ప్రక్క అంచును, పాఠకుడు పెన్సిలుతో దిద్దుకొనుటకు వీలుగా, కొంచెము వెడల్పుగా విడువవలెను.